వల పక్కన ఎర్ర బొట్టు

నేను గోడకు కొట్టిన బొమ్మ ఇప్పటిదాంక ఒక్కటి గూడ తలకిందులు కాలే. గీ మాట గుండ్లపోచంపల్లి నడిరోడ్డు మీద నిలవడి మైకు పట్టుకొని చెప్పుమన్నా చెప్త. నావి కండ్లు గావు, మేస్త్రీ దారం.

గిదే మాట మా మేడంకు జెప్పిన నాడు, ఢిల్లీకెల్లి బొమ్మ గీసినాయన వీడియో కాల్ జేసిండు. తన నీలం బొమ్మ జూసిండు. ఫోన్ తిరగేసి ఇంకోపారి జూసిండు. "నా సముద్రం మీదికెందుకు పోయింది?" అని హిందీల అడిగిండు. లెక్క తీస్తే పదకొండు బొమ్మలల్ల మూడు తలకిందులున్నయ్. నాలుగోది తలకిందులు గాదు, అసలు బొమ్మనే గాదు. బొమ్మ పార్సిలొచ్చిన చెక్కపెట్టె మూత. మూతను గోడకు కొట్టి, బొమ్మను కింద పరిచి నాలుగు దినాలు దాని మీద టిపిన్లు పెట్టుకొని తిన్నం. పల్లిచట్నీ మరక ఇంక పోలే. మేడం చీటి మీద "మిశ్రమ మాధ్యమం" అని రాపిచ్చింది.

నా పేరు బబ్లు. మాది శామీర్‌పేట. పని హరిచందన మేడం గ్యాలరీల. మేడంది బంజారాహిల్స్‌ల ఒగ గ్యాలరీ ఉన్నది గని, ఇప్పటి బొమ్మలు ఇండ్లంత పెద్దగ వస్తున్నయ్, ఆడ సాలుత లేవు. అందుకని గుండ్లపోచంపల్లిల కోళ్ళదాణా గోదాం కిరాయికి పట్టింది. తెల్ల రంగు మూడు కోట్లేసినా దాణా వాసన పోలే. పోగొట్టుడు మేడంతోని గాలే, పిలుపు కార్డు మీద "వాసనతో సహా ఒక అనుభవం" అని అచ్చేపిచ్చింది. సిటీకెల్లి వచ్చినోళ్ళు లోపలికి రాంగనే కండ్లు మూసుకొని గట్టిగ పీలుస్తరు. "మట్టి..." అంటరు. మట్టి గాదు, తౌడు. నేను నోరు తెరవ.

బొమ్మలు గోడకు కొట్టుడు, లైట్లు తిప్పుడు, చీటీలు అచ్చేసుడు నా పని. ప్రతి బొమ్మ పక్కన అగ్గిపెట్టంత చీటి ఉంటది. ఎవరు జేసిండ్రు, పేరేంది, దేంతోని జేసిండ్రు. బొమ్మ అమ్ముడువోతే చీటి పక్కన గుండ్రటి ఎర్ర స్టిక్కర్ అతికిస్తరు. ఎర్రది పడ్డంక ప్రదర్శన ఒడిసేదాంక దేవుడే దిగొచ్చినా దాన్ని గోడకెల్లి తియ్యొద్దు. గది ఈళ్ళ కట్టడి.

నా సేతికి చీటీల మిషనిచ్చుడు మేడం తప్పు. నాది గాదు.

గోదాం దర్వాజ పక్కన కొక్కానికి ఒగ ఎర్ర బకెట్టు ఏలాడుతది. లోపల ఇసుక. దాణా గోదాం ఉన్నప్పటి సంది ఉన్నది, అగ్గంటుకుంటె పోసుటానికి. ప్రదర్శన షురువైన నాడు నాకు బేజారైతుంటె, దానికి గూడ ఒగ చీటి అచ్చేసి అతికిచ్చిన. "నిప్పు కోసం ఎదురుచూపు. ఇసుక, రేకు, కొక్కెం." పొద్దుమూకె వరకు దాని ముంగట ఎనమండుగురు నిలవడ్డరు. ఒగామె కండ్లు తుడుసుకున్నది. మేడం వచ్చి చీటి సదివింది, తల ఊపింది, పోయింది. గిది యాడికెల్లి వచ్చిందని అడగలే. ఎందుకంటె "నాకు తెల్వదు" అనే మాట గా లోకంల ఎవ్వరి నోట్లకెల్లి రాదు. బాంబుతోని బెదిరిచ్చినా రాదు.

రెండో దినమే బకెట్టు అమ్ముడువోయింది. కొన్నాయన వెంకటరామయ్య సారు. రిటైరైన పెద్ద ఇంజనీరు, బందరు దిక్కు. ఇప్పుడు బౌరంపేట్ల గేటెడ్ కమ్యూనిటీల విల్లా. గా విల్లా కట్టినోడు హాలుకు మధ్యల కప్పేసుడు మరిచిపోయి, అది డబుల్ హైట్ అని అమ్మిండంట. ఇగ సారుకు హాల్ల ఇరవై రెండడుగుల ఖాళీ గోడ. రాత్రి పగలు దాన్నే జూసుకుంట కూసుంటడు. పక్క విల్లా ఆయన తన గోడకు పెద్ద బొమ్మ పెట్టిన కాంచి సారుకు బువ్వ సయిస్త లేదు. బకెట్టు కొన్నడు గని, మనసు నిండలే. "ఇంకా పెద్దది కావాలమ్మా" అనుకుంట దినాం వస్తడు, జేబుల కొలత టేపుతోని.

పెద్దది ఒగటుండాలె నిజానికి. భానుతేజ అనే ఆయన పద్దెనిమిదడుగుల ఇనుప గొడుగు జేసి పంపిండు. మా షట్టరు పద్నాలుగడుగులు. గొడుగు బయట లారీల జాగల్నే ఉండిపోయింది. డ్రైవర్లు దాని మీద లుంగీలు ఆరేసుకుంటరు. అట్ల గోదాంల ఒగ పెద్ద గోడ ఉత్తగ మిగిలింది. కథంత గా ఉత్త గోడ తోనే.

ఇగ మా అవ్వ ముచ్చట.

మా అవ్వ సాలమ్మ, మా బాపును కన్నతల్లి. మా ఇంట్ల అవ్వ వల అల్లుతది, బాపు వల ఇసురుతడు, నేను వల మోస్త. గీ ఇసురు వలను అవ్వ మూడు వానకాలాలు కూసొని అల్లింది. ఇసిరితే నీళ్ళ మీద ఇరవై అడుగుల పళ్ళెం లెక్క ఇచ్చుకుంటది. సోమారం పొద్దుగాల చెర్ల చాపలు పడుతున్నరని మత్స్య సొసైటోళ్ళు జెప్పిండ్రు. ఆరు గంటలకు కట్ట మీద ఎవని వల వాడు పరిచి చూపియ్యాలె. వల లేనోనికి వంతు లేదు. వంతు పోతే ఇగ మళ్ళొచ్చే ఏడాది దాంక గట్టు మీద కూసొని పక్కోని చాపలు లెక్కవెట్టుడే.

గురువారం పొద్దుగాల అవ్వ వలను గోనెసంచిల కుక్కి నా బండి మీదేసింది.

"బబ్లుగా, అంచుకు సీసం గుండ్లు ఆరు ఊడినయ్. మేడ్చల్ల గుండ్లు కొని, కట్టిచ్చుకరా. సంచి మూతి గట్టిగ కట్టుకో. శనారం దాంక ఇంట్లుండాలె."

"నాకు జెప్తవా అవ్వా" అన్న.

మేడ్చల్ల గుండ్లు కొన్న. కట్టేటాయన బువ్వకు పోయిండు. నాకు పనికి టైమైతాంది. గుండ్లు జేబులేసుకొని సక్కగ గోదాంకొచ్చిన. గోదాంల సంచి ఇప్పి జూస్తే వల నడుమ ఒగ బొక్క. చిన్నది గాదు, బర్రెదూడ దూకేటంత. ఎట్ల వడ్డదంటరా? అవ్వకు ఫోన్ల ఎట్ల జెప్పిన్నో మీకు గూడ అట్లనే చెప్త.

"అవ్వా, పొద్దుగాల ఇంట్లకెల్లి ఎల్లినంక మన చెర్ల ఒక్కటంటె ఒక్కపారి ఇసిరిన. పన్నెండు కిలోల బొచ్చె చాప పడ్డది. నన్ను కట్ట దాంక గుంజుకపోయింది. సివరికి వల చింపుకొని పోయింది."

అవ్వ చాప ముచ్చట అడగలే.

"నీకేమన్న అయ్యిందా?"

"నాకేం గాలె."

"సరే తీ. బొక్క నేను అల్లుకుంట, ఒగ పూట పని. నువ్వు గుండ్లు కట్టిచ్చి శనారం తెచ్చియ్యి."

బొక్క ఎంతున్నదో పూర్తిగ జూద్దామని వలను గా ఉత్త గోడకు నాలుగు మొలలకు తగిలిచ్చిన. మస్తు అందంగ ఇచ్చుకున్నది. గప్పుడే బయట మేడం కారు హారన్. దింపే టైము లేదు. జేబుల గుండ్ల బరువుకు ప్యాంటు జారుతాంది. గుండ్లు తీసి ఇసుక బకెట్లేసిన. మిషను మీద టకటక కొట్టి చీటి అతికిచ్చిన.

"సాలమ్మ, శామీర్‌పేట. 'పోయింది.' దారం, సీసం, చెర్వు నీళ్ళు."

మేడం లోపలికొచ్చి ఆగింది. కండ్లద్దాలు తలమీదికి పెట్టుకున్నది.

"బబ్లూ, ఇదెప్పుడు వచ్చింది?"

"గిప్పుడే వచ్చింది మేడం. శామీర్‌పేటకెల్లి."

"సాలమ్మగారిదా?"

"ఆమెదే."

మేడం పది అడుగులు వెనకకు పోయింది. మళ్ళ పది ముంగటికొచ్చింది. "అవునవును. ఆవిడ వర్క్ నేను చూశాను. కొచ్చి ప్రదర్శనలో అనుకుంటా."

మా అవ్వ యాదగిరిగుట్ట దాటి యాడికీ పోలే. నేను తల ఊపిన. "కొచ్చిల మస్తు పేరుంది మేడం ఆమెకు" అన్న.

పొద్దుమూకినంక దింపుకపోదాం అనుకున్న. మేడం పొద్దుమూకినా పోలే. దాని మీద లైట్లు తిప్పిచ్చుడు పెట్టింది.

శుక్రారం కొనేటోళ్ళను పిలిచి చాయ్ బిస్కిట్ ఇచ్చే దినం. పొద్దుగాల బాలమణక్క గోదాం ఊడ్సింది. బాలమణక్కకు ఒగ అలవాటున్నది, మీ ఇంట్ల ఆడోళ్ళకు గూడ ఉంటది. మొకం తుడుసుకునే ముంగట నొసటి మీది బొట్టుబిళ్ళ తీసి పక్కన దేనికో అతికిస్తది. ఏ ఇంటి అద్దం జూసినా మూలకు ఐదారు బొట్టుబిళ్ళలుంటయ్ గదా. గోదాంల అద్దం లేదు. గోడ ఉన్నది. వల పక్కన, చీటి పక్కన, సక్కగ ఒగ ఎర్ర బొట్టుబిళ్ళ అతికిచ్చి, మొకం తుడుసుకొని, మరిచిపోయి ఇంటికి పోయింది.

సాయంత్రం వెంకటరామయ్య సారు టేపు తీసుకొని వచ్చిండు. వల జూసిండు. టేపు గుంజిండు. ఇరవై అడుగులు. మొకం సూరీడు లెక్క ఎలిగింది. గంతల ఎర్ర చుక్క కనవడ్డది. సూరీడు మునిగిండు.

"ఏవమ్మా హరిచందనా! ఇది ఎవరు తీసేసుకున్నారు?"

మేడం చుక్కను జూసింది. ఆమె అతికియ్యలే. నాకు తెల్సు, ఆమెకు తెల్సు. గని "నాకు తెలీదు" అనొద్దు గదా. "ఒక క్లయింట్ అండీ" అన్నది.

"నిన్న లేదు కదమ్మా ఇది?"

"అందుకే అండీ. రాగానే వెళ్ళిపోయింది."

"మా పక్క విల్లా వాడేనా? నిజం చెప్పు. నీలం కారులో వచ్చాడా?"

"పేర్లు చెప్పకూడదండీ."

"వాడే!" సారు కుర్సీల కూలవడ్డడు. బిస్కిట్ చాయ్‌ల మునిగి ఇరిగింది, ఆయనకు సోయి లేదు. నన్ను పిలిచిండు. "అబ్బాయ్, ఆ కన్నం సంగతేవిటయ్యా?"

"చాప చింపింది సార్. పద్దెనిమిది కిలోలు."

"పద్దెనిమిదే?"

"గది తోక దాంక, సార్. తోకతోని కలిపితే ఇరవై ఐదు."

సారు వల దిక్కు జూసుకుంట, "అంటే ఇది వల కాదమ్మా హరిచందనా. తప్పించుకున్నదాని బొమ్మ" అన్నడు. సుట్టున్నోళ్ళు "వాహ్" అన్నరు. మా గోదాంల "వాహ్" అంటె ఇగ వాపస్ లేదు.

శనారం పొద్దుగాల తొమ్మిదింటికి అవ్వ ఫోన్.

"వల యాడుందిరా?"

"మేడ్చల్ల అవ్వా. గుండ్లు కడుతుండ్రు."

"ఆరు గుండ్లు కట్టుటానికి మూడు దినాలా? గుండ్లు కడుతుండ్రా, గుడి కడుతుండ్రా? సోమారం పొద్దుగాల కట్ట మీద మీ బాపు ఏం పరుస్తడు, నీ నోరా?"

ఫోన్ పెట్టిన. బాపు ఏడాది సంది గీ దినానికే జూస్తుండు. ఇగ పరాచికాలు బంద్, వల దింపాలె అనుకున్న. నా అకల్ ఎట్ల పని జేసిందంటె: గా చుక్క పీకేస్తే కొన్నోడు వద్దన్నడని మేడం అనుకుంటది. వద్దన్న దాన్ని నేను దింపుకపోతే ఎవ్వరడగరు. మస్తు ప్లాను. బొట్టుబిళ్ళ గోటితోని గీకి తీసి పర్సులేసుకున్న. కుర్సీ ఏసుకొని మొల దాంక చెయ్యి సాపిన.

"పోయిందీ! చుక్క పోయిందీ!"

వెనక వెంకటరామయ్య సారు. షట్టరు లేపేదాంక ఆగలేక చాయ్‌వాళ్ళ దారి నుంచి దూరి వచ్చిండంట. డబ్బై రెండేండ్ల మనిషి కుర్సీ కాడికి ఉరికొచ్చి నా కాలు పట్టుకున్నడు, దిగనియ్యలే, ఎక్కనియ్యలే. మేడం వచ్చేదాంక నేను మొల పట్టుకొని, సారు నా కాలు పట్టుకొని, పావుగంట అట్లనే ఉన్నం. అప్పుడు లోపలికొచ్చిన ఇద్దరు మమ్మల్ని గూడ ఫోటో తీసుకొని పోయిండ్రు.

మేడం డ్రాయర్లకెల్లి అసలు ఎర్ర స్టిక్కర్ తీసి, సారు పేరు మీద వల చీటి పక్కన బొటనేలుతోని గట్టిగ ఒత్తింది. ఇప్పటిదాంక ఉత్తుత్తి అమ్ముడు. నేను బొట్టు పీకి అసలు అమ్ముడు జేసిన. ప్రదర్శన ఒడిసేది ఇంక మూడు వారాలకు.

"మేడం" అన్న, "జర ఒక్క దినానికి గీ వల తీస్కపోయి తెస్త."

"ఎందుకు?"

"దీనికి నీళ్ళు తాపాలె మేడం. వారానికోపారి చెర్ల ముంచకుంటె సస్తది. సాలమ్మగారే జెప్పింది."

మేడం నా మొకం దిక్కు చాన సేపు జూసింది. దొరికిపోయిన అనుకున్న.

"అయితే రేపు ఆదివారం ఆవిడనే ఇక్కడికి పిలువు. ఆవిడే చెప్తారు."

"ఆమె మాట్లాడది మేడం. మౌనం. పద్దెనిమిదేండ్లైంది నోరు ఇప్పక."

"అద్భుతం" అన్నది మేడం. "నలభై కుర్చీలు వేయించు."

ఆదివారం పదకొండింటికి నలభై కుర్సీలు నిండినయ్. బంజారాహిల్స్‌కెల్లి, కొంపల్లికెల్లి, పేట్ బషీరాబాద్‌కెల్లి గూడ వచ్చిండ్రు. అందరు నల్లబట్టలే. అడ్రస్ తప్పొచ్చిన ఒగాయన ఎవరో పోయిండ్రనుకొని బయటనే చెప్పులిడిసిండు. మేడం నా సేతికి మైకిచ్చింది. నేను గొంతు సవరిచ్చుకున్న.

"సాలమ్మగారు ఇయ్యాల రాలే. రాకపోవుడే ఆమె మాట. మీరంత గా మాట జర శ్రద్ధగ వినుండ్రి."

అందరు వినుడు షురూ జేసిండ్రు. నలభై మంది, ఊపిరి గూడ తీస్తలేరు. బయట ఇనుప గొడుగు మీద లుంగీ పటపట కొట్టుకునుడు ఇనవస్తాంది. నాకు గూడ ఒగ నిమిషం ఏదో ఇనవడ్డట్టే అనిపిచ్చింది.

"బబ్లుగా!"

పద్దెనిమిదేండ్ల మౌనం గట్ల తెగింది.

షట్టరు కాడ అవ్వ. నడుముకు కొంగు చెక్కి, సేతిల గుడ్డసంచి. సంచిలకెల్లి వల అల్లే కట్టెసూది బయటికి కనవడుతాంది. మేడ్చల్ దుకాణానికి పోయిందంట. "మీ మనుమడు గుండ్లు కొనుక్కపోయిండు గని, వల నా కండ్లతోని జూడలే" అని దుకాణపాయన జెప్పిండంట. ఆడికెల్లి ఆటో పట్టుకొని సక్కగ ఈడికి.

మేడం లేచి ఎదురువోయింది. "అమ్మా, మీరు..."

"సాలమ్మ. శామీర్‌పేట." అవ్వ ఏలు చాపింది. "గది నా వల."

నలభై మంది లేచి చప్పట్లు కొట్టిండ్రు. అవ్వ ఎవలొచ్చిండ్రా అని వెనకకు తిరిగి జూసింది. ఎవ్వరు లేరు.

వెంకటరామయ్య సారు దండం పెట్టిండు. "అమ్మా, నేనేనండీ దీన్ని తీసుకున్నది."

"తీస్కునుడేంది? నేనియ్యలే గదా."

ముంగట వరుసల కూసున్నాయన నోట్‌బుక్ తెరిచి, "అమ్మా, మీ పనిలో ఈ మధ్యనున్న శూన్యం గురించి..." అన్నడు.

"శూన్యం గాదు బిడ్డా. బొక్క."

అందరు రాసుకున్నరు.

అవ్వ ఇంక ఎవ్వరిని పట్టిచ్చుకోలే. గోడ కాడికి పోయింది. బొక్క అంచు పట్టుకొని ఏళ్ళతోని నలిపింది, ముక్కు కాడ పెట్టుకున్నది.

"బబ్లు. గీ నల్లది ఏంది?"

"యాడ అవ్వా?"

"ఈడ. బంక బంకగ. చాపకు గిరీసుంటదారా?"

నేను మైకు ఇంక పట్టుకొనే ఉన్న. "చెర్ల లారీలు కడుగుతరు గదా అవ్వా. చాపకు అంటింది కావచ్చు" అన్న. మైకుల గది గోదామంత ఇనవడ్డది.

"ఊఁ." అవ్వ ఇంకో అంచు పట్టుకున్నది. "చాప చింపితె ఒగ దిక్కు గుంజుకపోతది. గిదేంది, బెత్తెడు బెత్తెడుకు సమానంగ తెగింది? గీ చాప పండ్లు స్కేలు పెట్టి మొలిపిచ్చిండ్రా?"

ఎవ్వరు నవ్వలే. నవ్వితే నాకు జర సులువైతుండె.

"నిన్నే. గుండ్రంగ తిరుగుకుంట, సమానంగ కొరికే చాప ఏదిరా మన చెర్ల?"

"చైను" అన్న.

"ఏంది?"

"బండి చైను అవ్వా. సంచి మూతి కట్టలే. గుండ్లపోచంపల్లి మలుపు కాడ వల జారి చైన్ల వడ్డది. బ్లేడుతోని కోసి తీసిన."

గీపారి అసలు మౌనం. సారు మెల్లగ అడిగిండు. "అబ్బాయ్, మరి ఇరవై ఐదు కిలోలు?"

"బండి నూటపది కిలోలుంటది సార్" అన్న. అలవాటు, ఏం జేస్త.

మేడం మొకం గోడ లెక్క తెల్లగైంది. "బబ్లూ. మరి శుక్రవారం ఆ రెడ్ డాట్ ఎవరు పెట్టారు?"

"బాలమణక్క బొట్టు మేడం. మొకం తుడుసుకుంట అతికిచ్చింది."

చీపురు పట్టుకొని మూలకున్న బాలమణక్క ఉరికొచ్చింది. "నా బొట్టు! శుక్రారం సంది దేవులాడుతున్న! యాడవెట్టినవ్ రా?"

నేను పర్సు తీసి, బొట్టుబిళ్ళ అప్పజెప్పిన. నలభై మంది జూస్తుంటె ఆమె నొసట పెట్టుకొని, నా దిక్కు గుడ్లురిమి, మళ్ళ ఊడ్సుటానికి పోయింది.

"ఏదేమైనా నేను మాటిచ్చి కొన్నాను కదమ్మా" అన్నడు సారు. "ఇరవై రెండడుగుల గోడ అమ్మా. ఆ కన్నం చూసే మనసు పారేసుకున్నాను."

అవ్వ ఆయనను కిందికి మీదికి జూసింది. "నీకు గావాల్సింది బొక్కనా, వలనా?"

సారు ఆలోచన జేసిండు. ఇంజనీరు గదా, నిజంగనే ఆలోచన జేసిండు. "కన్నమేనండీ."

"అయితె ఆగు."

అవ్వ గుడ్డసంచిలకెల్లి కత్తెర తీసింది. వలకు బొక్క వడితె ముంగట సుట్టు చింపిరి గళ్ళన్ని కోసి పారెయ్యాలె. గట్టి ముడి తగిలేదాంక కొయ్యాలె, అప్పుడే కొత్త దారం పట్టుకుంటది. అవ్వ సుట్టంత కోసింది. గిరీసంటిన చింపిరిని ఉండ జేసి సారు సేతుల పెట్టింది.

"గిదే నీ బొక్క. గిది నాకెట్లయిన పారేసేదే. తీస్కపో."

సారు అరసేతుల గా నల్ల చింపిరిని జూసుకున్నడు. మెల్లగ మొకం ఎలిగింది. "హరిచందనా, ఇరవై రెండడుగుల గోడ మధ్యలో ఇదొక్కటే... పక్కవాడు చస్తాడమ్మా!"

"వాహ్" అన్నరు వెనక వరుసోళ్ళు.

వల గోడకెల్లి దిగింది. దేవుడు రాలే, అవ్వ వచ్చింది. గోదాం నడుమ పరుసుకొని కూసున్నది. సూదికి దారం ఎక్కిచ్చింది. "కొస పట్టుకో" అన్నది. పట్టుకున్న. "ఇగ చెప్పు. ముడికొక నిజం. తప్పిపోతె సూది నీ సేతిల దిగుతది."

నూటరువై ముడులు వడ్డయ్. నలభై మంది ఒగలు గూడ లేచిపోలే. నేను మైకు లేకుండనే చెప్పుకుంట పోయిన. వల చీటి నేను అచ్చేసిన. పద్దెనిమిదేండ్ల మౌనం నేను పెట్టిన. నీళ్ళు తాపుడు నేనన్న. కొచ్చి నేననలే, గది మేడమే అన్నది. మేడం దగ్గింది. నీలం సముద్రం ఇంక తలకిందులనే ఉన్నది, ఢిల్లీ ఆయనకు ఫోన్ తిప్పి చూపిచ్చిన. వందో ముడి కాడ ఇగ చెప్పుటానికి ఏం లేక, ఏడో తరగతిల పక్కింటి కోడిపుంజుకు రంగు పూసింది గూడ నేనే అని ఒప్పుకున్న. అవ్వకు గా సంగతి తెల్వదు, సూది జర గట్టిగ తాకింది.

చెర్ల ఇసిరిన ముచ్చట గూడ అబద్ధమే అని జెప్పిన. "నేను నీళ్ళల్లనే దిగలే అవ్వా. సల్లగుండె."

బొక్క మూసుకపోయింది. అవ్వ దారం తెంపి, అంచంత సేతితోని తడుముకుంట సుట్టు తిరిగింది. ఒగ కాడ ఆగింది.

"గుండ్లు యాడున్నయ్?"

నేను వల మడతవెట్టుడు షురూ జేసిన.

"ఆరు గుండ్లు. వాటికే గదా నిన్ను పంపింది. కొన్నవంట గదా, దుకాణపాయన జెప్పిండు. గుండ్లు లేకుంటె వల నీళ్ళ మీద తేలుతది. పొద్దుగాల ఆరుకు కట్ట మీద మీ బాపు ఏం పరుస్తడు? చెప్పు, యాడున్నయ్?"

నేను దర్వాజ పక్కన కొక్కెం దిక్కు జూసిన. అవ్వ గాడికే జూసింది. మేడం జూసింది. సారు గూడ జూసిండు. దాని పక్కన చీటి, చీటి పక్కన ఎర్ర స్టిక్కర్, అసలుదే. సారు లేచి నిలవడి, "అబ్బాయ్... అది నాది" అన్నడు.

నేను పోయి కొక్కానికెల్లి దించిన. సారు ముంగటనే నేల మీద కుమ్మరిచ్చిన. దాణా గోదాం సంది ఎవ్వరు ముట్టని ఇసుక. అందుల ఆరు సీసం గుండ్లు, రెండు బీడీ ముక్కలు.

"మేడం" అన్న, "గిది బకెట్టే."